అలంకారం కోసం హింస వద్దు

తలకు షాంపూ, ముఖానికి పౌడరు, కళ్ళకు కాటుక – ఇలాంటి సౌందర్య సాధనాలను మనం రోజూ వాడుతుంటాం. వీటివల్ల మనకు హాని కలగదని ఎలా తెలుస్తుంది?

1933లో అమెరికాలో కనురెప్పల వెంట్రుకలకు వేసే ఒక రంగువల్ల కొందరు స్త్రీల కళ్ళు దెబ్బతిన్నాయి. చూపు కోల్పోయినవారూ ఉన్నారు. అలాంటి సరుకును ఆపే చట్టం అప్పుడు అక్కడ లేదు. 1938లో చట్టం వచ్చింది. 1944లో డ్రేజ్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక పరీక్షను రూపొందించారు. పదార్థాన్ని కుందేలు కంట్లో వేసి ఎరుపు, వాపు, పుండు వస్తాయేమోనని రోజుల తరబడి గమనించేవారు.

మన కళ్ళను కాపాడుకోవడానికి ఒక మూగజీవి కళ్ళను పాడుచేయడం న్యాయమా? ఈ ప్రశ్న శాస్త్రవేత్తలను ఆలోచింపజేసింది. ఇప్పుడు మానవ చర్మ కణాలను ప్రయోగశాలలో పలుచని పొరగా పెంచి, దానిమీద పదార్థాలను పరీక్షించగలుగుతున్నారు.

కొత్త మార్గాలు దొరికేకొద్దీ చట్టాలూ మారాయి. సౌందర్య సాధనాలలో కలిపే పదార్థాలను జంతువులమీద పరీక్షించడాన్ని ఐరోపా సమాఖ్య 2009లో నిషేధించింది. మన దేశంలో 2014 మే నెలలో, సౌందర్య సాధనాల కోసం ఏ జంతువునూ పరీక్షకు వాడరాదని కేంద్ర ప్రభుత్వం నిబంధన చేసింది. అదే ఏడాది నవంబరు నుంచి, జంతువులమీద పరీక్షించిన విదేశీ సౌందర్య సాధనాల దిగుమతినీ ఆపివేసింది. అయితే మందుల తయారీకి జరిపే పరీక్షలకు ఈ నిషేధం వర్తించదు.

మనిషికి భద్రత కావాలి. కానీ కేవలం అలంకారం కోసం మరొక ప్రాణిని బాధించనక్కరలేదని ఈ నిబంధన మనకు చెబుతున్నది.