కొత్తది వస్తే పాతది ఎప్పుడు ఆపాలి?

పెదపాడు కిరాణా కొట్టులో ఫోనుతో డబ్బు చెల్లించడం మీరు చూసే ఉంటారు. అప్పుడు ఫోనులోని ప్రోగ్రాము, బ్యాంకుల కంప్యూటర్లు ముందే ఒప్పుకున్న ప్రశ్న-జవాబుల పద్ధతిలో మాట్లాడుకుంటాయి. ఈ పద్ధతినే ఏపీఐ అంటారు. 2016లో మొదలైన యూపీఐ ఇలాంటి ఏపీఐల సముదాయమే. 2018లో దాని రెండవ రూపం, యూపీఐ 2.0 వచ్చింది.

ఏ ఏపీఐలోనైనా కొత్త రూపం రాగానే పాతదాన్ని ఆపేస్తే ఏమవుతుంది? ఇంకా మారని ఫోను అడిగే ప్రశ్న అవతలి కంప్యూటరుకు అర్థం కాదు. పని ఆగిపోతుంది. అందుకే కొత్త రూపానికి వేరే సంఖ్య ఇచ్చి, కొంతకాలం రెండూ నడపాలి. పాతదాన్ని ఎవరు వాడుతున్నారో లెక్క చూసి, గడువు చెప్పి, ఆ తరువాతే మూయాలి. సిలబస్ మారినప్పుడు, తప్పినవారికి పాత సిలబస్ ప్రశ్నపత్రం కొన్నాళ్లు ఇచ్చినట్టే!

మరి ఎన్నటికీ మూయకపోతే? పాత లోపాలే దొంగలకు దారి చూపుతాయి.