విప్పే ముందు

అనంతపురంలో వంటింటి సామాను ఏది ఆగిపోయినా ఇంట్లో మొదట వచ్చే తీర్పు ఒకటే: "మోటారు కాలిపోయింది." అసలు మోటారే లేని కరెంటు కెటిల్ గురించి కూడా ఆ మాట అనేవాళ్లున్నారు. నిజానికి ఈ సీమలో చాలా రోగాలు సామానులో పుట్టవు. నీళ్లలోంచో, కరెంటులోంచో, ఇంటి కింద ఎండిపోయిన నేలలోంచో వస్తాయి. స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు వాటిని ఒకసారి విచారించాలి.

మిక్సీది మాత్రం కొంచెం వేరే కథ. మన దేశపు మిక్సీ పుట్టిందే రిపేరు దొరక్క. 1960లలో ఇంజనీరు సత్యప్రకాశ్ మాథుర్ ఇంట్లో జర్మనీ బ్రౌన్ మిక్సర్ పాడైతే ఇక్కడ బాగుచేసే దిక్కు లేకపోయింది. మన పప్పులకూ మసాలాలకూ తట్టుకునే యంత్రాన్ని ఆయనే తయారుచేశాడు. అదే సుమీత్.

అంత గట్టి మోటారుకూ మా శెనక్కాయల పొడి పరీక్షే. వేయించిన విత్తనాలు తిరిగేకొద్దీ నూనె వదిలి, ముద్దకట్టి, బ్లేడును పట్టేస్తాయి. మోటారు మీద భారం పెరిగితే అడుగునుండే ఎర్ర బటన్ బయటికి తన్ని కరెంటు ఆపేస్తుంది. కాసేపు చల్లారనిచ్చి దాన్ని నొక్కితే సరి. అది తెలియక షాపుకు మోసుకెళ్లిన మిక్సీకి అక్కడ జరిగే వైద్యమూ ఆ నొక్కుడే. ఫీజు మాత్రం వేరు.

నొక్కినా కదలకపోతే జార్ తీసేసి స్విచ్ వేసి చూడండి. ఉత్తగా తిరిగిందంటే మోటారు నిర్దోషి. ప్లగ్గు పీకి, జార్‌ను తలకిందులు చేసి అడుగున వేలితో తిప్పితే బ్లేడు బిగుసుకుందో లేదో తెలుస్తుంది. మోటారు రొద చేస్తున్నా బ్లేడు తిరగకపోతే, జార్‌నూ మోటారునూ కలిపే కప్లర్ పళ్లు అరిగినట్టు. మోటారుకు బదులు తాను పోయేలా కావాలనే దాన్ని మెత్తగా చేస్తారు, దాని మీద కోపం అనవసరం. గాలి సందుల్లోంచి పెద్ద పెద్ద నిప్పురవ్వలు కనిపించినా, తట్టితే తిరిగి మళ్లీ ఆగిపోతున్నా, కార్బన్ బ్రష్‌లను అనుమానించాలి. జార్ అడుగున తడి కనిపిస్తే మాత్రం బుష్ వెంటనే మార్పించండి. ఆ నీళ్లు దిగేది మోటారులోకే.

రైస్ కుక్కర్‌లో సంగటి పెట్టి, పైన పచ్చిగా ఉండగానే స్విచ్ ఎగిరిందని తిట్టేవాళ్లకు ఒక మాట. కింద ఉన్న అయస్కాంతం 100 డిగ్రీలు దాటి కాస్త పైకి పోగానే పట్టు వదిలేస్తుంది. అన్నంలో నీళ్లు ఇంకేదాకా ఆ వేడి రాదు. చిక్కటి పిండి మాత్రం అడుగున ముందే ఎండిపోతుంది. కుక్కర్ తన పని తాను చేసింది.

వేసవి సాయంత్రాల్లో "కెటిల్ నిదానమైంది" అన్న ఫిర్యాదుకు కారణం తరచుగా వోల్టేజీ. కాయిల్ ఇచ్చే వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 230 రావాల్సిన చోట 180 వస్తే, 1000 వాట్ల కెటిల్ సుమారు 610 వాట్లకు పడిపోతుంది. పాత గుండుబల్బు ఈ సంగతి మసకబారి చెప్పేది. ఎల్‌ఈడీ చాలావరకు దాచేస్తుంది. ఫ్రిజ్ కాసేపు మూలిగి 'టక్' మని ఆగుతున్నా ముందు వోల్టేజీ చూడాలి.

వోల్టేజీ బాగున్నా కెటిల్ నిదానమే అయితే దాని లోపలికి తొంగిచూడండి. ఇక్కడి బోర్లు గట్టిరాతి పగుళ్లలోంచి, ఆ రాతి ఖనిజాలతో సహా, నీళ్లు తోడతాయి. ఈ జిల్లా నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతటి బాధో, 1995-96లో సత్యసాయి ట్రస్టు 700కు పైగా గ్రామాలకు మంచినీటి పైపులు వేయడమే చెబుతుంది. అయితే ఫ్లోరైడ్ చెరిచేది మన పళ్లనూ ఎముకలనూ. కెటిల్‌ను చెరిచేది కాల్షియం. నీళ్లు కాగితే అందులో కరిగిన కాల్షియం బైకార్బనేట్ విరిగి, సున్నపురాయి సరుకే తెల్లటి గారగా అడుగున పేరుకుంటుంది. ఆ పొర వేడిని నీళ్లకు పోనివ్వదు, కాయిల్ తన వేడికి తానే మాడుతుంది. చెంచాడు నిమ్మ ఉప్పు వేసి, నీళ్లు మరిగించి, అరగంట వదిలేస్తే గార కరిగిపోతుంది. గరిటెతో గీకొద్దు.

అన్నిటికన్నా తక్కువ పట్టించుకునేది ఎర్తింగ్. గ్రైండర్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటే అందరూ గ్రైండర్‌నే అనుమానిస్తారు. లోపల లీకు ఉండొచ్చు, కానీ ఎర్తు సరిగా ఉంటే ఆ కరెంటు మన చేతిని వెతుక్కోదు. నేలలో తడి ఉంటేనే కరెంటు దిగుతుంది. అందుకే ఎర్తు గుంతలో ఉప్పూ బొగ్గూ వేస్తారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వాన పడే చోట, ఏప్రిల్ నాటికి ఆ గుంత మట్టి బొరుగుల్లా పొడిపొడి. ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టిన ఇంట్లో ఎర్తు గుంతకు నీళ్లు పోయమంటే ఎగాదిగా చూస్తారు. బియ్యం కడిగిన నీళ్లు పోసినా చాలు, వేసవంతా తడి ఆరకుండా.

దీనికి తోడు 30 మిల్లీ ఆంపియర్ల లీకుకే పడిపోయే ఆర్‌సీసీబీ ఒకటి మెయిన్ దగ్గర పెట్టించాలి. అది మాటిమాటికీ పడుతోందని పీకించేస్తే లీకు పోదు, చెప్పేది పోతుంది. పడినప్పుడు ప్లగ్గులన్నీ తీసేసి, స్విచ్ ఎత్తి, ఒక్కొక్కటే తిరిగి పెట్టండి. ఏది పెట్టగానే మళ్లీ పడిందో దొంగ అదే. దాన్ని మాత్రం మీరు విప్పకండి, మెకానిక్‌కు ఇవ్వండి.