జెర్సీ సిటీ నుంచి హైదరాబాద్‌కు ఎంత దూరం, ఎన్ని గంటలు?

ఇంటి నుంచి దుర్వార్త వచ్చినప్పుడు కార్మికులు మమ్మల్ని మొదట అడిగేది ఒక్కటే: "సార్, ఇప్పుడు బయలుదేరితే ఎప్పటికి చేరతాను?" అవతల ఊళ్లో శవాన్ని ఉంచాలా, అంత్యక్రియలు కానివ్వాలా అని మీ జవాబు కోసం చూస్తుంటారు. కనుక ఈ లెక్క మీరు ముందే తెలుసుకొని ఉండటం అవసరం.

జెర్సీ సిటీకి, హైదరాబాద్‌కు మధ్య ఆకాశమార్గాన దూరం సుమారు 13,000 కిలోమీటర్లు. ఒకే విమానంలో నేరుగా వెళ్లలేరు, మధ్యలో ఎక్కడో మారాలి. న్యూయార్క్‌లోని కెన్నెడీ విమానాశ్రయం నుంచి దుబాయికి పన్నెండు, పదమూడు గంటలు, అక్కడి నుంచి శంషాబాద్‌కు మూడున్నర గంటలు పడుతుంది. మధ్యలో నిరీక్షణ కలిపితే 20 నుంచి 24 గంటలు అనుకోండి. తిరుగు ప్రయాణంలో ఎదురుగాలి వల్ల ఇంకా ఎక్కువ పడుతుంది.

మీకు దగ్గర విమానాశ్రయం నెవార్క్. జర్నల్ స్క్వేర్ నుంచి పాత్ రైలులో నెవార్క్ పెన్ స్టేషన్‌కు వెళ్లి, అక్కడ ఎన్‌జే ట్రాన్సిట్ రైలు ఎక్కవచ్చు. కెన్నెడీకి మాత్రం మన్‌హట్టన్ దాటి వెళ్లాలి, రెండు గంటలు చేతిలో ఉంచుకోండి. టికెట్ మీద ఏ విమానాశ్రయం ఉందో చూడకుండా నెవార్క్‌కు వెళ్లి విమానం పోగొట్టుకున్నవారు ఉన్నారు. విమానం వేళకు మూడు గంటల ముందే చేరాలి.

ఢిల్లీ, ముంబై మీదుగా వెళితే సాధారణంగా ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ అక్కడే పూర్తిచేసుకొని, సామాను తీసుకొని మళ్లీ అప్పగించాలి. దీనికి మూడు నాలుగు గంటల వ్యవధి లేని టికెట్ కొనకండి. యూరప్ మీదుగా అయితే ట్రాన్సిట్ వీసా కావాలేమో, ముఖ్యంగా మీ అమెరికా వీసా గడువు తీరి ఉంటే, డబ్బు కట్టే ముందే అడగండి.

ఎక్కువమంది పొరబడేది తేదీ దగ్గర. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా భారత సమయం తొమ్మిదిన్నర గంటలు ముందుంటుంది, మిగతా నెలల్లో పదిన్నర గంటలు. వేసవిలో సోమవారం రాత్రి 10 గంటలకు విమానం ఎక్కి 22 గంటలు ప్రయాణిస్తే, శంషాబాద్‌లో దిగేసరికి బుధవారం ఉదయం 5.30 అవుతుంది. మీది కరీంనగర్ వైపు పల్లె అయితే ఇల్లు చేరేసరికి మధ్యాహ్నమే. "రేపు వస్తాను" అనకండి. "బుధవారం మధ్యాహ్నం" అని అక్కడి వారంతో చెప్పండి, వాళ్లు ఆ ప్రకారం ఏర్పాట్లు చేసుకుంటారు.

పాస్‌పోర్ట్ యజమాని దగ్గరో, ఏజెంట్ దగ్గరో ఉంటే ఈ గంటల లెక్క ఎందుకూ పనికిరాదు. అది మీ దగ్గరే ఉండాలి. మీచేత బలవంతంగా పని చేయించుకోవడానికి దాన్ని దాచిపెట్టడం అమెరికా చట్టంలో నేరం. పాస్‌పోర్ట్ పోయి వెంటనే వెళ్లవలసి వస్తే న్యూయార్క్‌లోని భారత కాన్సులేట్ జనరల్‌లో ఎమర్జెన్సీ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయవచ్చు. అది భారత్ చేరడానికి మాత్రమే, తిరిగి రావడానికి చెల్లదు.

మళ్లీ పనిలోకి రావాలనుకుంటే పాస్‌పోర్ట్‌లోని వీసా గడువు చూసుకోండి. గడువు తీరి ఉంటే కొత్త వీసా వేయించుకోనిదే తిరుగు విమానం ఎక్కనివ్వరు, దానికి వారాలు పట్టవచ్చు. బయలుదేరే ముందు యజమానికి సెలవు సంగతి రాతపూర్వకంగా తెలిపి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి.