వరదనీటిలో వాహనశ్వాస: కోనసీమ కాజ్‌వేల నేపథ్యంలో స్నార్కెల్ నిర్మాణం, అమరిక

కోనసీమలో లంక గ్రామాలను ఒడ్డుతో కలిపే కాజ్‌వేలు తక్కువ ఎత్తులో ఉండటంవల్ల గోదావరికి వరద వచ్చినప్పుడు ముందుగా మునిగేవి అవే. 1986 ఆగస్టు, 2022 జులై వరదలు లంకవాసుల జ్ఞాపకంలో ఉన్నవే. అటువంటి దారిలో జీపు ఆగిపోయి ట్రాక్టరు సాగిపోవడానికి చక్రాల ఎత్తు ఒక్కటే కారణం కాదు. చాలా ట్రాక్టర్లకు గాలిగొట్టం, పొగగొట్టం రెండూ బానెట్‌పైన నిలువుగా ఉంటాయి. జీపుకు స్నార్కెల్ అమర్చడమంటే గాలి విషయంలో ఆ ఏర్పాటును అనుసరించడమే. ఈ పేరు జర్మన్ జలాంతర్గాముల నుంచి వచ్చింది.

డీజిల్ ఇంజను సిలిండరులోని గాలిని సుమారు 16వ వంతుకు కుదిస్తుంది. నీరు అలా కుదించుకుపోదు. గాలితోపాటు నీరు చొరబడితే పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అందువల్ల ఫెండరుకు రంధ్రం చేసి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి గొట్టాన్ని ముందు అద్దం పక్కగా టాపు ఎత్తు వరకు తీసుకువెళ్తారు. గొట్టం వ్యాసం పాత గాలిదారికంటే తగ్గకూడదు. అయితే అసలు పని కంటికి కనిపించని చోట ఉంది. డబ్బా అడుగున నీరు కారిపోయే చిన్న రంధ్రం, మూత అంచు, రబ్బరు గొట్టాల అతుకులు, వీటిలో ఏ ఒక్కటి బిగువుగా లేకున్నా ఇంజను నీటినే పీలుస్తుంది. అప్పుడు స్నార్కెల్ కేవలం అలంకారం. పరీక్ష సులభం: ఇంజను నెమ్మదిగా నడుస్తుండగా పైమూతిని చెక్కపలకతో మూస్తే అది ఆగిపోవాలి. ఆగకపోతే గాలి మరెక్కడి నుంచో వస్తున్నట్లే.

గేరుబాక్సు, ఇరుసుల గాలిరంధ్రాలకు కూడా సన్నని గొట్టాలు పైకి తీయాలి. ఇవన్నీ నిలిచిన నీటికి సరిపోతాయి. పారే నీటిలో వాహనం కొంత తేలి, ఇంజను నడుస్తూనే ఉన్నా చక్రాలు కాజ్‌వేపై పట్టు కోల్పోతాయి.