టికెట్టు డాలర్లలో, ఖరీదు గంటల్లో

అమెరికాలో పిల్లలున్న తెలుగు తల్లిదండ్రులు వేసవిలో అక్కడికి వెళ్తే, మనవలతో కలిసి చూసి రావాల్సిన ఊళ్ళలో ఓర్లాండో పేరు తరచూ వినిపిస్తుంది. ఫ్లోరిడాలోని ఈ ఊరి పక్కన 1971 అక్టోబరు 1న మొదలైన వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో ఇప్పుడు నాలుగు పెద్ద పార్కులున్నాయి: మ్యాజిక్ కింగ్‌డమ్, ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్. కాస్త దూరంలో యూనివర్సల్ సంస్థ పార్కులు ఉన్నాయి. వాటిలో కొత్తదైన ఎపిక్ యూనివర్స్ 2025 మే 22న తెరుచుకుంది. వెళ్ళాలనుకున్నవాళ్ళు ముందుగా అడిగే ప్రశ్నలు ఏ హోటలు చవక, టికెట్టు ఎక్కడ కొంటే తగ్గుతుంది, ఏ రైడ్ బాగుంటుంది అనేవే. అవి అడగాల్సినవే. కానీ అక్కడ రోజు బాగా గడుస్తుందా లేదా అన్నది వాటికన్నా ఎక్కువగా మరో విషయం మీద ఆధారపడుతుంది. అది క్యూలో నిలబడే సమయం. థీమ్ పార్కుకు ప్లాన్ వేయడమంటే ముఖ్యంగా క్యూల లెక్క వేసుకోవడమే. మిగతా సలహాలన్నీ ఆ లెక్క నుంచి పుట్టేవే.

ఈ సమస్య థీమ్ పార్కులతోపాటే పుట్టింది. 1955 జూలై 17న కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో డిస్నీల్యాండ్ తెరిచిన రోజున ఆహ్వానితులకే ప్రవేశమని ప్రకటించారు. దొంగ టికెట్లతో అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ జనం వచ్చిపడ్డారు. ఎండకు కొత్తగా పోసిన తారు మెత్తబడింది, తాగునీటి కొళాయిలు చాలలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు అక్కడ కూపన్ల పద్ధతి నడిచింది. ప్రవేశ టికెట్టుతోపాటు ఏ, బీ, సీ అంటూ తరగతులుగా విడదీసిన కూపన్ల పుస్తకం ఇచ్చేవారు. చిన్న రైడ్‌కు ‘ఏ’ తరగతి కూపన్ సరిపోయేది, 1959లో వచ్చిన ‘ఈ’ (E) తరగతి కూపన్‌తో అన్నిటికన్నా గొప్ప రైడ్లు ఎక్కేవారు. ‘ఈ’ తరగతి కూపన్లు కొన్నే ఉండేవి గనక ఎవరైనా ఆలోచించి వాడుకునేవారు. అంటే పెద్ద రైడ్‌కు పెద్ద ధర ఉండేది, ఆ ధరే గుంపును చెదరగొట్టేది.

1982లో ఆ పుస్తకాలు పోయాయి. ఒకే టికెట్టు కొంటే ఏ రైడైనా, ఎన్నిసార్లైనా ఎక్కవచ్చు. వినడానికి ఇది జనానికి లాభమే. కానీ అన్ని రైడ్ల ధర సమానమైనప్పుడు అందరూ పరుగెత్తేది గొప్పవాటి దగ్గరికే. డబ్బు రూపంలో పోయిన తేడా కాలం రూపంలో తిరిగొచ్చింది. తిరుమల వెళ్ళినవాళ్ళకు ఇది చెప్పాల్సిన పనిలేదు. సర్వదర్శనం ఉచితమే, అయినా కంపార్ట్‌మెంట్లలో గడిపే గంటలే దాని ఖరీదు. అందుకే టైమ్‌స్లాట్ టోకెన్లూ, 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనమూ వచ్చాయి. డిస్నీ కూడా 1999లో ఫాస్ట్‌పాస్ పేరుతో ఉచిత టైమ్‌స్లాట్లు మొదలుపెట్టింది. 2021 అక్టోబరులో ఓర్లాండోలో దాని స్థానంలోకి డబ్బు కట్టి కొనుక్కునే పద్ధతి వచ్చింది. ఇప్పుడు దాన్ని లైట్నింగ్ లేన్ అంటున్నారు. కూపన్లు వేరే పేరుతో తిరిగొచ్చినట్టే.

క్యూలో గంట ఖరీదెంతో ఒకసారి లెక్కేయండి. డిస్నీ వరల్డ్‌లో ఒక్కరోజు టికెట్టు రద్దీని బట్టి సుమారు 120 డాలర్ల నుంచి 200 డాలర్ల దాకా ఉంటోంది. మనిషికి 150 చొప్పున నలుగురికి 600 డాలర్లు అనుకుందాం. పన్నెండు గంటలు లోపల గడిపితే ఆ కుటుంబానికి గంట విలువ 50 డాలర్లు, మన లెక్కలో నాలుగు వేల రూపాయల పైనే. ఇది విమానం, హోటలు ఖర్చులు కలపకుండా వచ్చిన లెక్క. ఇక క్యూ నడిచే తీరు చూద్దాం. గంటకు వెయ్యి మందిని ఎక్కించుకునే రైడ్ ముందు వెయ్యి మంది ఉంటే గంటసేపు నిలబడాలి. అదే పొద్దున మూడొందల మంది ఉన్నప్పుడు వెళ్తే పద్దెనిమిది నిమిషాల్లో పని అవుతుంది. రైడ్ అదే, ఆనందం అదే, మారింది వెళ్ళిన వేళ ఒక్కటే. ఇంకో సంగతి, క్యూ పొడవును చూసి రైడ్ గొప్పతనాన్ని కొలవకూడదు. పీటర్ పాన్స్ ఫ్లైట్ మూడు నిమిషాలైనా సాగని నెమ్మదైన రైడ్. అక్కడి ఓడలు చిన్నవి, ఎత్తు నిబంధన లేదు గనక చంటిపిల్లలతో సహా అందరూ ఎక్కవచ్చు. అందువల్ల రోజంతా క్యూ తగ్గదు. హాంటెడ్ మాన్షన్‌లో బళ్ళు ఆగకుండా గొలుసుకట్టుగా సాగుతాయి, కాబట్టి క్యూ పొడుగ్గా కనిపించినా చకచకా కదులుతుంది.

ఈ లెక్క నుంచి వచ్చే మొదటి సలహా పొద్దున్నే చేరుకోవడం. పార్కు తెరిచిన మొదటి గంటన్నరలో ఎక్కగలిగినన్ని పెద్ద రైడ్లు మధ్యాహ్నం మూడు గంటల్లోనూ ఎక్కలేరు. అయితే తొమ్మిదికి తెరుస్తారంటే తొమ్మిదికి కారు ఆపితే చాలదు. మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కింగ్ గేటు పక్కన ఉండదు. కారు ఆపిన చోటి నుంచి రవాణా కేంద్రానికి, అక్కడి నుంచి మోనోరైలులోనో, సరస్సు మీదుగా పడవలోనో గేటుకు చేరాలి. పైగా భద్రతా తనిఖీ ఉంటుంది. దీనికి ముప్పావుగంట కేటాయించడం మంచిది. డిస్నీ సొంత హోటళ్ళలో దిగినవాళ్ళను అరగంట ముందుగా లోపలికి పంపుతారు. ఖరీదైన హోటలు గదికన్నా ఆ అరగంటకే ఎక్కువ విలువ ఉందని చెప్పవచ్చు. రోజు చివర కూడా ఇలాంటి అవకాశమే ఉంది. మూసే వేళకు ముందు క్యూలో చేరినవాళ్ళను మామూలుగా రైడ్ ఎక్కనిస్తారు. బాణాసంచా చూడ్డానికి అందరూ మ్యాజిక్ కింగ్‌డమ్ కోట ముందు చేరినప్పుడు రైడ్ల దగ్గర జనం పలచబడతారు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఇంత డబ్బు పోసి వెళ్ళి, మధ్యాహ్నం హోటలుకు తిరిగొచ్చి పడుకోమంటారా అని. అవును, వీలైతే అదే చేయాలి. పదకొండు నుంచి నాలుగు దాకా క్యూలు పతాక స్థాయిలో ఉంటాయి. ఫ్లోరిడా వేసవిలో ఆ వేళకే ఎండ, ఉక్కపోత ఎక్కువ. మధ్యాహ్నం తర్వాత ఉరుముల వానలు మామూలు. మెరుపులు దగ్గరలో ఉంటే ఆరుబయట నడిచే రైడ్లను ఆపేస్తారు. ఆ గంటల్లో దక్కేది తక్కువ, అలసట ఎక్కువ. గదికి వెళ్ళలేనివాళ్ళు ఆ సమయాన్ని కూర్చుని చూసేవాటికి వాడుకోవచ్చు. న్యూయార్క్‌లో 1964లో జరిగిన ప్రపంచ ప్రదర్శన కోసం తయారైన కరోజెల్ ఆఫ్ ప్రోగ్రెస్ అలాంటిదే. ఏసీ హాల్లో ఇరవై నిమిషాలు కూర్చోవచ్చు, క్యూ సాధారణంగా ఉండదు. ఎప్‌కాట్‌లో పదకొండు దేశాల మంటపాలున్న భాగం పొద్దున పదకొండుకు తెరుస్తారు. కనుక అక్కడ పొద్దున రైడ్లకు, మధ్యాహ్నం మంటపాలకు కేటాయించుకోవాలి. యానిమల్ కింగ్‌డమ్‌లో జంతువులను చూపించే సఫారీకి పొద్దునే అనువు, ఎండ ముదిరితే అవి నీడ పట్టుకుంటాయి.

తేదీల విషయంలోనూ ఇదే సూత్రం. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా, నవంబరులో థ్యాంక్స్‌గివింగ్ వారం, మార్చి, ఏప్రిల్ నెలల్లో బడి సెలవులు అత్యంత రద్దీ రోజులు. ఆగస్టు రెండో సగం నుంచి బడులు తెరుచుకోవడంతో సెప్టెంబరులో జనం బాగా తగ్గుతారు. అయితే తుపానుల కాలం జూన్ నుంచి నవంబరు దాకా ఉంటుంది, సెప్టెంబరు దానికి నడిమి భాగం. అందుకే అప్పుడు వెళ్ళేవాళ్ళు రద్దు చేసుకోగలిగే బుకింగులే చేసుకోవాలి. పిల్లలకు సెలవులిచ్చినప్పుడే కదా మేం వెళ్ళగలం అంటారు చాలామంది. నిజమే. కానీ తేదీ చేతిలో లేకపోయినా వేళ చేతిలో ఉంటుంది. రద్దీ రోజునే పొద్దుటి గంటకు విలువ మరీ ఎక్కువ. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా కొన్ని రాత్రులు మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ప్రత్యేక టికెట్టుతో హాలోవీన్ పార్టీలు జరుగుతాయి. ఆ రోజుల్లో మామూలు టికెట్టువాళ్ళు సాయంత్రం ఆరింటికే బయటికి రావాలి. రాత్రి బాణాసంచా కావాలనుకునేవాళ్ళు ఆ తేదీలను తప్పుకుంటారు గనక పగలు క్యూలు చిన్నవిగా ఉంటాయి. రైడ్లే ముఖ్యమనుకునే కుటుంబానికి అది మంచి రోజు.

డబ్బు పెట్టి లైట్నింగ్ లేన్ కొనేస్తే ఈ తంటా ఎందుకు అన్నది మరో వాదన. దానిలో కొంత న్యాయం ఉంది. దానిలో మల్టీ పాస్ అనే రకం కొన్నవాళ్ళు ముందుగా మూడు రైడ్లకు సమయాలు పెట్టుకోవచ్చు. డిస్నీ హోటళ్ళవాళ్ళు ఏడు రోజుల ముందు, మిగతావాళ్ళు మూడు రోజుల ముందు ఈ పని చేయాలి. ట్రాన్ లాంటి ఒకటి రెండు రైడ్లకు వేరుగా కట్టాలి. ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళనిచ్చే ప్రీమియర్ పాస్ 2024లో వచ్చినప్పుడు, పార్కును, తేదీని బట్టి దాని ధర మనిషికి 129 నుంచి 449 డాలర్ల దాకా ఉంది, అదీ ప్రవేశ టికెట్టుకు అదనంగా. ఆలోచించాల్సింది ఏమిటంటే, పాస్ కొంటే రైడ్‌లో సీట్లు పెరగవు. పాస్‌వాళ్ళకు ఇచ్చిన ప్రతి సీటూ మామూలు క్యూలోంచి తీసిందే. మంచి వేళలు ముందు లేచినవాళ్ళకే దొరుకుతాయి కూడా, అంటే డబ్బు కట్టినా ప్లాన్ తప్పదు. కాబట్టి రైడ్లు ఎక్కువున్న మ్యాజిక్ కింగ్‌డమ్‌కు రద్దీ రోజున కొనడం సబబు. పెద్ద రైడ్లు కొన్నే ఉన్న యానిమల్ కింగ్‌డమ్‌కు తెల్లారేసరికి చేరగలిగితే ఆ ఖర్చు చాలామందికి అనవసరం.

మూడు తరాలు కలిసి వెళ్ళే మన కుటుంబాలకు మరికొన్ని లెక్కలున్నాయి. మూడేళ్ళు నిండని పిల్లలకు టికెట్టు లేదు, పదేళ్ళు నిండితే పెద్దల టికెట్టే. బయల్దేరే ముందు ఇంట్లోనే పిల్లల ఎత్తు కొలవండి. స్పేస్ మౌంటెన్‌కు 112 సెంటీమీటర్లు, ట్రాన్‌కు 122 ఉండాలి. గేటు దగ్గర కొలబద్ద పెట్టి వెనక్కి పంపితే పిల్లవాడి ఏడుపూ, గంట క్యూ వృథా అయ్యిందన్న బాధా రెండూ మిగులుతాయి. ఎత్తు చాలని బిడ్డ ఉంటే రైడర్ స్విచ్ అడగండి. తల్లిదండ్రుల్లో ఒకరు క్యూలో వెళ్ళి ఎక్కి వస్తారు, రెండోవారు మళ్ళీ ఆ క్యూ అంతా నిలబడకుండానే ఎక్కవచ్చు. దీనికి అదనపు రుసుం లేదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు క్యూ తప్పిస్తారని కొందరు ఆశపడతారు. వైకల్యం ఉన్నవారికి ఇచ్చే ఆ సౌకర్యాన్ని 2024లో ప్రధానంగా ఆటిజం లాంటి ఎదుగుదల సమస్యలున్నవారికి పరిమితం చేశారు. నడక కష్టమైనవాళ్ళు చక్రాల కుర్చీ అద్దెకు తీసుకోవడమే దారి, చాలా క్యూలలోకి కుర్చీతోనే వెళ్ళవచ్చు. తిండి సంగతికొస్తే డిస్నీ పార్కుల్లోకి బయటి ఆహారం తీసుకెళ్ళనిస్తారు, గాజు సీసాలు, మద్యం తప్ప. పులిహోర, చపాతీలు కట్టుకెళ్తే డబ్బుతోపాటు భోజనం కౌంటరు దగ్గరి క్యూ కూడా తప్పుతుంది.

ఇదంతా విన్నాక, సెలవుకు వెళ్తున్నామా, పరీక్షకు వెళ్తున్నామా అని అడిగేవాళ్ళుంటారు. గంటగంటకూ టైమ్‌టేబుల్ రాసుకుంటే ఆ మాట నిజమే అవుతుంది. కానీ ఇక్కడ చెప్పిన ప్లాన్ అన్నీ చూసేయడానికి కాదు, ఏవి వదులుకోవాలో ముందే తేల్చుకోవడానికి. ఇంట్లో ప్రతి ఒక్కరినీ తప్పక కావాల్సిన ఒక్క రైడ్ చెప్పమనండి. వాటిని పొద్దుటి గంటల్లో పెట్టుకోండి. మిగతా రోజు ఎలా గడిచినా నష్టం లేదు. ప్లాన్ లేని కుటుంబమే పార్కులో నిలబడి ఫోన్లు చూసుకుంటూ, ఎటు వెళ్ళాలో తేలక వాదించుకుంటుంది.

ఇది ఓర్లాండోకే పరిమితమైన లెక్క కాదు. 2016లో హైదరాబాద్ శివార్లలోని రావిర్యాలలో తెరిచిన వండర్‌లాలో కూడా ఒకే టికెట్టుతో రైడ్లన్నీ ఎక్కవచ్చు, క్యూ తప్పించుకోవాలంటే అదనంగా కట్టే ఫాస్ట్‌ట్రాక్ టికెట్లున్నాయి. ఒకే ధరకు అన్నీ అన్న చోటల్లా మిగిలిన ఖరీదు కాలంతో చెల్లించాల్సిందే. కనుక టికెట్టు మీద పది డాలర్లు తగ్గించుకోవడానికి వెచ్చించే శ్రద్ధలో సగమైనా పొద్దున ఎన్నింటికి బయల్దేరాలన్న దాని మీద పెట్టండి. దక్కే లాభం అక్కడే ఎక్కువ.