తీగకు శ్రుతి కలిసేది మేడమీదనే

మన పాఠకులలో పెద్దవారికి జ్ఞాపకం వుండే వుంటుంది. ఒకప్పుడు రేడియో వున్న యిల్లు యేదో వీధిలో నిలబడి చెప్పగలిగేవాళ్ళం. మేడమీద ఆ చివర ఒక వెదురు గడ, యీ చివర ఒక వెదురు గడ, రెంటికీ నడుమ రాగి తీగ. మద్రాసులో రేడియో కేంద్రం 1938 జూన్ 16వ తేదీన ప్రారంభమైంది. తరువాతి రోజులలో రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారి గొంతు, రేడియో అక్కయ్య కామేశ్వరిగారి గొంతు ఆ తీగల వెంటనే మన యిళ్ళలోకి దిగి వచ్చేవి.

ఇప్పుడు ఆ తీగలు కనబడవు. మాధవరంలో మా మేడమీద మాత్రం ఒకటి వున్నది. కొత్తగా చూచినవాళ్ళు బట్టలారవేసుకునే తీగ అనుకుంటారు. మా పిన్ని ఒకసారి తడిచీర తెచ్చి వెయ్యబోయింది కూడాను. కాని యిది వినటానికే కాక మాట్లాడటానికి కూడా వుపయోగించే తీగ. అమెచ్యూర్ రేడియో, లేదా హామ్ రేడియో అనే వ్యాపకం కోసం కట్టినది.

ఈ వ్యాపకం మన దేశానికి కొత్తది కాదు. కలకత్తాలో అమరేంద్రచంద్ర గుప్తుగారు 1921 లోనే స్వంత స్టేషను నడిపారు. చెన్నపట్నంలో సి.వి. కృష్ణస్వామి చెట్టిగారు మొదలైనవారు 1924 లో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు స్థాపించి ఆ యేడే ప్రసారాలు చేశారు. తెలుగువారి గడ్డమీద, హైదరాబాదులో, నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983 లో యేర్పడింది. ఆ సంస్థ తరపున భారతీ ప్రసాద్‌గారు 2004 డిసెంబరులో అండమాను వెళ్ళి స్టేషను పెట్టుకుని వుండగానే 26వ తేదీన సునామీ వచ్చింది. ద్వీపాల నుంచి మామూలు వార్తాసౌకర్యాలు తెగిపోయిన సమయంలో, ఆ చిన్న స్టేషనే యెందరి క్షేమసమాచారాలనో ప్రధాన భూభాగానికి చేరవేసింది.

అటువంటి సమయంలో అక్కరకు రావాలనే మేమూ తీగ కట్టుకున్నాం. తీరా అవసరం వచ్చినప్పుడు మా తీగ మాకు అక్కరకు రాలేదు. ఎందుకు రాలేదో చెప్పటమే యీ వ్యాసం వుద్దేశం.

2016 డిసెంబరు 12వ తేదీ మధ్యాహ్నం వార్దా తుఫాను చెన్నపట్నం దగ్గర తీరం దాటింది. మాధవరంలో మా వీధిలో చెట్లు కూలి కరెంటు తీగలమీద పడ్డాయి. సాయంత్రానికి కరెంటూ లేదు, టెలిఫోనూ లేదు. నెల్లూరులో వున్న మా అక్కయ్యకు అమ్మ సంగతి యేమీ తెలియదు. మా గడ కొంచెం వంగింది కాని తీగ తెగలేదు. మరునాడు వుదయం కారు బ్యాటరీకి సెట్టు తగిలించి, బ్యాటరీ చాలాసేపు రావాలని 20 వాట్లకు తగ్గించి వుంచాం. నెల్లూరు వైపునుంచి ఒక అమెచ్యూరు, హైదరాబాదు నుంచి మరొకరు చెన్నపట్నం స్టేషన్లను పిలుస్తున్నారు. మాట స్పష్టంగా తెలుస్తున్నది. మేము జవాబిచ్చాం. వారికి వినబడలేదు. మళ్ళీ యిచ్చాం. గంటసేపు అదే పని. బల్లమీది మీటరు చూస్తే 1.4 చూపిస్తున్నది. అంతా సవ్యంగా వున్నట్టే లెక్క!

అక్కయ్య యిక ఆగలేక, చంటిపిల్లను వెంటబెట్టుకుని కారులో బయలుదేరింది. జి.ఎన్.టి. రోడ్డుమీద మామూలుగా ఒక పూటలో ముగిసే ప్రయాణం ఆ రోజు చీకటి పడేదాకా సాగింది. గుమ్మంలోకి వచ్చి, అమ్మ మంచంమీద కూర్చుని కాఫీ తాగుతూ వుండటం చూచి, "ఇంత రేడియో పెట్టుకుని ఒక్క మాట చెప్పలేకపోయారటరా!" అన్నది. మాకు సమాధానం లేకపోయింది.

ఆ సమాధానం తెలియాలంటే తీగకూ కేబులుకూ వున్న సంబంధం తెలియాలి. మేడమీద వున్నది ఏరియలు తీగ. క్రింద బల్లమీద వున్నది సెట్టు. రెంటినీ కలిపే కేబులును ఫీడర్ అంటారు. పిల్లలకు యీ సంగతి చెప్పవలసి వచ్చినప్పుడు మేము చేదతాడు తీసుకుంటాం. ఒక చివర కిటికీ చువ్వకు కట్టి, రెండో చివర చేతబట్టి ఒక్క విదిలింపు విదిలిస్తే, తాడు వెంట ఒక అల పరుగెత్తి వెళ్ళి, చువ్వకు తగిలి, తిరిగి చేతికే వస్తుంది. లావు మోకుకు సన్నని పురికొస ముడివేసి విదిలిస్తే, ముడి దగ్గర కొంత అల ముందుకు పోతుంది, కొంత వెనక్కు మళ్ళుతుంది. రెండూ ఒకే లావు, ఒకే బిగువు అయితే అక్కడ ముడి వున్నదన్న సంగతే అలకు తెలియదు.

విద్యుత్తరంగానికి తాడు లావువంటిది అవరోధం. దాన్ని ఓములలో కొలుస్తారు. మనం మామూలుగా వాడే ఆర్.జి. 58 కేబులు అవరోధం 50 ఓములు. తరంగదైర్ఘ్యంలో సగం పొడవున్న తీగను నడిమికి తెంచి అక్కడ కేబులు కలిపితే, ఆరుబయట యెత్తున దాని అవరోధం సుమారు 73 ఓములు. నడుమ యెత్తుగా, చివరలు పల్లంగా కడితే 50 కి దగ్గరపడుతుంది. రెండూ సరిపడకపోతే ముడి దగ్గర కొంత శక్తి వెనక్కు మళ్ళుతుంది. పోయే అలా, వచ్చే అలా కలిసి కేబులులో స్థిర తరంగాలు యేర్పడతాయి. వాటి గరిష్ఠానికీ కనిష్ఠానికీ వుండే నిష్పత్తినే ఎస్.డబ్ల్యూ.ఆర్. అంటారు. అది 1 అయితే వెనక్కు వచ్చేది లేదు. 1.5 అయితే నూటికి 4 పాళ్ళు, 2 అయితే 11 పాళ్ళు, 3 అయితే 25 పాళ్ళు వెనక్కు మళ్ళుతుంది.

వెనక్కు మళ్ళినదంతా పాడైపోతుందనుకోవటం పొరపాటు. మంచి కేబులయితే అందులో చాలా భాగం క్రింది నుంచి మళ్ళీ పైకి పోయి తీగకే చేరగలదు. నష్టం రెండు విధాల వస్తుంది. మొదటిది, వెనక్కు వచ్చే శక్తిని చూచి ఈ కాలపు సెట్టు తన్ను తాను కాపాడుకోవటానికి బలం తగ్గించుకుంటుంది. రెండవది, కేబులు మంచిది కాకపోతే పోయేటప్పుడు కొంత, వచ్చేటప్పుడు కొంత అదే మింగేస్తుంది.

మా కొంప ముంచినది యీ రెండవదే. మన చెన్నపట్నం వారికి దీన్ని చెప్పటం సులభం. తెలుగుగంగ కాలువ వెంట కృష్ణనీరు 1996 లో పూండికి వచ్చింది. కాని కండలేరులో విడిచిన నీటిలో చాలా భాగం దారిలోనే యింకిపోయేది. సత్యసాయి ట్రస్టువారు కాలువ బాగుచేయించిన తరువాత, 2004 నుంచి గదా నీరు బాగా అందటం మొదలుపెట్టింది! కండలేరు దగ్గర నిలబడి చూచినవారికి కాలువ నిండుగానే కనిపిస్తుంది. పూండిలో యెంత చేరిందో అక్కడ తెలియదు.

కరెంటు వచ్చిన తరువాత మేడ యెక్కి చూశాం. కేబులు తీగతో కలిసే చోట చుట్టిన టేపు యెండకు బీటలు వారి వున్నది. అందులోనుంచి రెండు వర్షాకాలాల నీరు కేబులు లోపలి అల్లికలోకి దిగి, రాగి నల్లబడి పచ్చబడి వున్నది. పైగా అంతకుముందు యేడు పక్కింటివారు కొబ్బరిచెట్టు కొట్టించినప్పుడు, దానికి కట్టిన తీగ చివరను మేము పిట్టగోడ యినుప కటకటాలకు దగ్గరగా కట్టాం. బల్లమీది మీటరు బాగానే చూపిస్తున్నది గదా అని మళ్ళీ కొలవలేదు. ఆ యినుము పక్కన తీగ శ్రుతి తప్పింది.

లెక్క యిట్లా తేలింది. పైన ముడి దగ్గర కొలిస్తే ఎస్.డబ్ల్యూ.ఆర్. 3. చెడిన కేబులు తనలోంచి పోయే శక్తిలో మూడోవంతు కంటె తక్కువే అవతలికి చేరనిస్తున్నది. అంటే 20 వాట్లలో పైకి చేరింది 6 వాట్లు. అందులో నాలుగోవంతు వెనక్కు మళ్ళింది. ఆ మళ్ళినది తిరిగి వస్తూ కేబులులోనే చాలావరకు యింకిపోయింది గనుక, క్రింద మీటరుకు వెనక్కు వచ్చేది దాదాపు లేదన్నట్టు కనిపించి 1.4 చూపింది. మీటరు అబద్ధం చెప్పలేదు. దాన్ని అడగవలసిన చోట మేము అడగలేదు. బల్లమీద ట్యూనరు పెట్టుకున్నవారికీ యిదే హెచ్చరిక. ట్యూనరు సెట్టుకు సుఖం చేకూరుస్తుంది గాని మేడమీది ముడిని బాగుచెయ్యదు.

మా మాట పోలేదు సరే, వారి మాట మాకెట్లా వినిపించిందని అడగవచ్చు. ఈ తరంగాలమీద వినే మాటకు అడ్డు వచ్చేది ఆకాశంలోని గరగర. చెడిన కేబులు మాటనూ గరగరనూ సమంగా తగ్గిస్తుంది కనుక, సెట్టులో గొంతు పెంచుకుంటే మాట తెలుస్తూనే వుంటుంది. పంపేటప్పుడు ఆ వెసులుబాటు లేదు.

ఇక బాగుచేసిన విధం. మొదట కేబులు పరీక్ష. రెండో చివర యేమీ కలపకుండా తెరిచి వుంచి, యీ చివర జేబులో పట్టే చిన్న అనలైజరుతో 7 మెగాహెర్ట్‌జ్ దగ్గర కొలిచాం. తెరిచిన చివరనుంచి శక్తి అంతా తిరిగి రావాలి కనుక మంచి కేబులుకు అంకె చాలా పెద్దదిగా వుండాలి. మా పాత కేబులు 2 కూడా చూపలేదు. కొత్తది, అదే 25 మీటర్లు, 9 చూపింది. పాతది పారవేశాం.

తరువాత తీగ. మన యిళ్ళకు వాడే ప్లాస్టిక్ తొడుగు రాగి తీగే చాలు. 143 ని మెగాహెర్ట్‌జ్‌లతో భాగిస్తే మీటర్లలో పొడవు వస్తుంది. 7.1 కి 20.14 మీటర్లు. ఇంతటి తీగకు చోటెక్కడిది అంటారేమో! మన వూళ్ళో ఒక గ్రౌండు అంటే 2,400 చదరపు అడుగులు. 40 కి 60 అడుగుల స్థలంలో మూల నుంచి మూలకు 72 అడుగులు, అనగా 22 మీటర్లు. సరిగ్గా పడుతుంది.

కాని మొదటే అంత పొడవుకు కొయ్యకూడదు. వీణతీగ పొట్టి అయితే స్వరం పెరుగుతుంది, పొడుగయితే తగ్గుతుంది. ఇదీ అంతే. తొడుగు వున్నా, నేలకు దగ్గరైనా, పక్కన యినుము వున్నా స్వరం మరికొంత క్రిందికి జారుతుంది. అందుకని ఒక్కొక్క ప్రక్క 10.5 మీటర్లు, మొత్తం 21 మీటర్లు కట్టి, కేబులు కలిసే ముడి దగ్గరే అనలైజరు తగిలించి చూశాం. ఎస్.డబ్ల్యూ.ఆర్. అన్నిటికంటె తక్కువగా వున్నది 6.70 దగ్గర. కావలసినది 7.10. 21 ని 6.70 తో గుణించి 7.10 తో భాగిస్తే 19.82. అంటే 1 మీటరు 18 సెంటీమీటర్లు తగ్గాలి, ప్రక్కకు 59 చొప్పున. అదైనా ఒక్కసారి తెంచక, చివర వెనక్కు మడిచి చుట్టి, పైకెత్తి, మళ్ళీ కొలిచాం. మూడుసార్లు యెక్కి దిగిన తరువాత 7.10 దగ్గర 1.2 కి వచ్చింది. అప్పుడు గాని కత్తెర తియ్యలేదు.

అనలైజరు లేనివారు, లైసెన్సు వున్న పరిధిలోనే, కొద్ది శక్తితో 7.0 దగ్గర, 7.2 దగ్గర చూచుకోవచ్చు. క్రింది వైపు అంకె తక్కువగా వుంటే తీగ పొడుగు. పై వైపు తక్కువగా వుంటే పొట్టి. ఏ వైపునా తేడా లేకుండా అన్నిచోట్లా బాగున్నట్టు చూపితే సంతోషించవద్దు, కేబులును అనుమానించండి.

ముడి క్రిందనే నాలుగయిదు మీటర్ల కేబులును ఆరేడు చుట్లు చుట్టి కట్టాం. కేబులు పై అల్లికమీదికి శక్తి పాకి యింట్లోకి రాకుండా యిది అడ్డుకుంటుంది. టంకం వేసిన చోట తనలో తాను కలిసిపోయే రబ్బరు టేపు బిగించి చుట్టి, దానిమీద మామూలు టేపు వేశాం. కేబులు యింట్లోకి వచ్చే ముందు ఒక వంపు వుంచితే వాన నీరు ఆ వంపు దగ్గర బొట్టుబొట్టుగా రాలిపోతుంది. కరెంటు తీగలకు దరిదాపులకు ఏరియలు తీగ పోకూడదు. పిడుగులు పడే సమయంలో కేబులు సెట్టునుంచి విప్పి బయట పెట్టాలి. ఈ రెండూ మరువరానివి.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు యీ తీగమీదనే మాట్లాడాం. అదే 20 వాట్లు. నెల్లూరులో విన్న ఒక అమెచ్యూరు అక్కయ్య యింటికి కబురు చెప్పి పంపారు. ఈసారి ఆమె కారు తియ్యలేదు.

మన యువకులలో, యువతులలో యీ వ్యాపకంమీద ఆసక్తి గలవారు 12 యేళ్ళు నిండితే పరీక్ష వ్రాసి కేంద్రప్రభుత్వ లైసెన్సు పొందవచ్చు. లైసెన్సు లేకుండా పంపటం నేరం. వినటానికి, తీగ కట్టి కొలవటం నేర్చుకోవటానికి ముందునుంచే ప్రారంభించవచ్చు. ఇప్పటికే తీగ వున్న మిత్రులకు మాత్రం ఒక మనవి. మనకు తుఫానులు వచ్చేది ఆశ్వయుజ, కార్తీక, మార్గశిరాలలో. వాటికి ముందు ఆయుధపూజ వస్తుంది. ఆ రోజు సెట్టుకూ మీటరుకూ బొట్టు పెడతాం గదా. పెట్టేముందు ఒక్కసారి మేడ యెక్కి, ఆ ముడి విప్పి, లోపల రాగి యెర్రగా వున్నదో లేదో చూచి, అక్కడే కొలిచి, మళ్ళీ మూసి దిగి రండి.