గేరు మార్చేది ఎవరు?

పటాన్‌చెరు దాటి పాశమైలారం పారిశ్రామికవాడ వైపు వెళ్తే లారీలెన్నో కనిపిస్తాయి. బరువుతో బయలుదేరిన లారీ డ్రైవరు మాటిమాటికీ ఎడమకాలితో క్లచ్ తొక్కుతూ, ఎడమచేత్తో గేరు మారుస్తూ ఉంటాడు. అదే దారిలో వెళ్ళే ఆటోమాటిక్ కారులో క్లచ్ పెడలే ఉండదు. మరి గేరు మార్చేది ఎవరు?

చాలా కార్లలో ఆ పని చేసేది నూనె! ఇంజను తిప్పే పంపు ఒకటి గేరుపెట్టెలోని నూనెను ఒత్తిడితో నెడుతుంది. లివరును జరిపితే లోపలి కవాటం జరిగి, నూనెకు దారి చూపుతుంది. 'డి' అంటే ముందుకు, 'ఆర్' అంటే వెనక్కు. 'ఎన్'లో ఇంజను తిరిగినా చక్రాలకు శక్తి అందదు. 'డి'లో పెట్టాక వేగాన్నిబట్టి గేర్లు వాటంతటవే మారతాయి. అమెరికాలో 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లతో ఈ పద్ధతి బాగా వాడుకలోకి వచ్చింది.

'పి' సంగతి వేరు. అప్పుడు పళ్ళచక్రం సందులోకి ఉక్కు కొండి ఒకటి, తలుపు గడియలా దిగుతుంది. కారు కదులుతుండగా 'పి' వేస్తే ఆ కొండి దెబ్బతినవచ్చు. వాలులో ఆపితే కారు బరువంతా దానిమీదే పడుతుంది. అందుకే అక్కడ ముందుగా హ్యాండ్‌బ్రేకు వేయాలి.

'డి'లో పెట్టగానే యాక్సిలరేటరు తొక్కకపోయినా కారు మెల్లగా కదులుతుంది. ఎదురుగా ఎవరైనా ఉంటే? ఆ ప్రమాదం రాకుండా చాలా కార్లలో విద్యుదయస్కాంతపు తాళం ఉంటుంది. బ్రేకు తొక్కితేనే లివరు 'పి'ని వదులుతుంది. చూశారా! ఆగి ఉన్న కారులోనైనా ఆ లివరు ఆటవస్తువు కాదు.